శనివారం చచ్చిన చేపలు

"మూతలు ఏసినావా?"

"ఏసినా."

"అన్నిటికీనా? ఆ మూల తొట్టికీ?"

"అన్నిటికీ ఏసినా. బస్సు పోతాది, నువ్వు పో."

మా ఆయనా నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. నేను చెప్పింది అబద్ధం. ఆ రోజు ఒక్క తొట్టికి కూడా మూత వేయలేదు.

ఆయన పేరు రంగసామి. కోవిల్‌పట్టిలో అద్దాలు కోసి చేపల తొట్లు చేసేవాడు. ముందు వైపు కొట్టులో చేపలు అమ్మేవాళ్ళం. ఆ ఉదయం అద్దపు పలకలు కొనడానికి తూత్తుకుడి బస్సెక్కాడు. మధ్యాహ్నానికి ఫోను వచ్చింది. బస్సులోనే గుండె ఆగిపోయిందన్నారు.

నా పేరు గురువమ్మ. నేను చెబుతుంటే రాస్తున్నది మా తమ్ముడి కోడలు సుజాత. మేం ఇంట్లో తెలుగే మాట్లాడతాం గాని తెలుగు చదవడం, రాయడం మాలో ఎవరికీ రాదు. బడిలో చెప్పేది అరవం. నేను ఆ బడిలో కూడా రెండో తరగతి దాటలేదు. సుజాతది తిరుపతి వైపు. నా మాటల్ని కొంచెం దువ్వి రాస్తానంది. దువ్వుకో గాని కత్తిరించొద్దు అన్నాను.

ఇప్పుడు కాళ్ళు వాచి కొట్టుకు పోవడం మానేశాను. అగ్గిపెట్టెల కంపెనీ పని మానుకుని వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు నా దగ్గర నేర్చుకుని ఆ కొట్టు చూస్తున్నారు. వాళ్ళకూ, వాళ్ళ తర్వాత ఈ పనిలోకి వచ్చేవాళ్ళకూ ఇది చెబుతున్నాను. మూత లేకుండా తొట్టి పెట్టడం మా వైపు మొదలుపెట్టింది నేనే. ఎవరైనా కాదంటే నా దగ్గరికి రమ్మనండి.

మా ముదలాళి

ముదలాళి అంటే యజమాని. నాకు ముదలాళి మా ఆయనే. మనిషిగా మంచివాడు. నన్ను ఒక్క దెబ్బ కొట్టలేదు, ఒక్క రోజు తాగి రాలేదు. ముదలాళిగా మాత్రం చెడ్డవాడు. తన చేత్తో చేసిన వస్తువును తప్పు అనలేడు. ఇది చాలామంది ముదలాళులకు ఉన్న జబ్బే.

పలకలు కోయగా మిగిలిన ముక్కలతో ఆయన మూతలు చేసేవాడు. అంచు గీసుకోకుండా నున్నగా అరగదీసి, ఒక మూల మేత వేయడానికి కన్నం పెట్టేవాడు. ఒకసారి కత్తితోక చేప ఒకటి గిరాకీల ఎదురుగానే ఎగిరి కింద పడింది. పిల్లి పట్టుకుపోయింది. పిల్లి ఒక్క చేప తిన్నందుకు ఆయన పదేళ్ళు మూతలు చేశాడు.

మా ఊళ్ళో చిత్తిర నెల ఎండ ఎట్లుంటుందో చెప్పనక్కరలేదు. నల్లరేగడి నెర్రెలు విడిచి ఉంటుంది, గాలి కూడా పొయ్యిలోంచి వచ్చినట్టుంటుంది. మూత కింద నీళ్ళు చారు మాదిరి వెచ్చబడేవి. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచి గాలి మింగేవి. నేను చెప్పేదాన్ని.

"ఇంత ఎండలో మూతేస్తే ఉడికిపోవా?"

"నువ్వు అద్దం కోసినదానివా, చేప పట్టినదానివా?"

"రెండూ కాదు. కూడు ఒండినదాన్ని. మూతేస్తే ఏమయితాదో నాకు తెలుసు."

ఆయన నవ్వేవాడు. మూత మాత్రం తీసేవాడు కాదు.

ఇంకొక సంగతి. మాకు శనివారాలు చేపలు చచ్చేవి. ప్రతి శనివారం కాదు గాని, చస్తే ఎక్కువగా శనివారమే. మా ఆయన దాన్ని శని అన్నాడు. కొన్నేళ్ళు ప్రతి శనివారం కోవెలకు పోయి శనీశ్వరుడికి నువ్వుల దీపం పెట్టాడు. నేనూ వెనకాలే పోయి దండం పెట్టుకున్నాను. మా బంధువులంతా అది నిజమే అన్నారు. నీళ్ళు చూసినవాడు ఒక్కడూ లేడు.

ఆయన పోయిన రోజు ఉదయం, ఆయన స్నానం చేస్తుండగా నేను మూతలన్నీ తీసి గోడకు ఆనించాను. ఆయన తిరిగొచ్చేలోపు మళ్ళీ వేద్దామని కూడా అనుకోలేదు. ఆ తర్వాత పదహారు రోజులు కొట్టు తెరవలేదు. మా తమ్ముడు రోజూ పోయి పిడికెడు మేత చల్లి, తగ్గిన నీళ్ళు నింపి వచ్చేవాడు. పదిహేడో రోజు నేనే తలుపు తీశాను. కింద మూడు చేపలు ఎండిపోయి ఉన్నాయి. మిగిలినవన్నీ బతికే ఉన్నాయి. బతకడమే కాదు, అంత చురుగ్గా తిరగడం నేను అంతకు ముందు చూడలేదు. కూర్చుని ఏడ్చాను. ఆ ఏడుపులో సంతోషం కూడా కలిసింది. రాయి సుజాతా, సిగ్గేముంది.

ఆ తర్వాత మూతలు మళ్ళీ ఎక్కలేదు. చేప ఎందుకు ఎగురుతుందో చూసి తెలుసుకున్నాను. ఎక్కువగా భయంతో ఎగురుతుంది. పైనుంచి నీడ పడితే దానికి కొంగ వచ్చినట్టే. అందుకని మనుషులు నడిచే దారికి ఎదురుగా తొట్టి పెట్టకూడదు. నీళ్ళు అంచుకు నాలుగు వేళ్ళు తక్కువగా ఉండాలి. అంచుల వెంబడి తేలే ఆకు వదలాలి, దాని కింద దాక్కుంటాయి. కత్తితోక చేపలకు మాత్రం ఇది చాలదు, వాటికి ఎగరడం పుట్టుకతో వచ్చిన బుద్ధి. వాటిని మూత లేని తొట్టిలో వేయొద్దు. బంగారు చేపలు వేయండి. పైనుంచి చూస్తే వాటి వీపులే అందం.

ఉప్పు ఎక్కడికీ పోదు

ఇది నా తప్పు, ఎవరి మీదా వేయను.

మూత తీస్తే నీళ్ళు ఆవిరైపోతాయి. ఎండాకాలంలో రోజుకు ఒక వేలు, రెండు వేళ్ళు దిగేవి. నేను బోరు నీళ్ళు తెచ్చి నింపేదాన్ని. నీళ్ళు తేటగానే ఉన్నాయి కదా అనుకున్నాను. మూడు నెలలకు చేపల రెక్కలు అంచుల్లో తెల్లబడి చిరిగాయి. అద్దం మీద తెల్లటి గీత ఒకటి కట్టింది, గోటితో గీకినా రాలేదు.

ఆ రోజుల్లోనే ఆయన అస్థికలు సముద్రంలో కలపడానికి తూత్తుకుడి పోయాం. బస్సు కిటికీలోంచి ఉప్పు మళ్ళు కనిపించాయి. ఒక మడిలో నీళ్ళు, పక్క మడిలో సగం నీళ్ళు, ఆ పక్కది తెల్లగా ఎండి మెరుస్తోంది. ఒళ్ళో ఆయన చెంబు పెట్టుకుని, ఇది నా తొట్టే గదా అనుకున్నాను. ఎండ పట్టుకుపోయేది నీళ్ళను మాత్రమే. ఉప్పు అక్కడే ఉంటుంది. నేను ప్రతి రోజూ ఉప్పున్న బోరు నీళ్ళు పోసి పోసి చేపలకు ఉప్పు మడి కట్టాను.

తగ్గిన నీళ్ళకు వాన నీళ్ళో, వడగట్టిన తాగే నీళ్ళో పోయాలి. పోయడం ఒకటే చాలదు. వారానికి ఒకసారి కొంత పాత నీళ్ళు తోడి పారబోయాలి. నింపడం వేరు, మార్చడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకున్నవాళ్ళు ఈ పనికి పనికిరారు.

విరుదునగర్ తొట్టి

మా ఆయన తమ్ముడు వెంకటసామి. కొట్టు మీద అతనికి కన్ను ఉండింది. సెల్‌ఫోన్లు అమ్మే అంగడి పెట్టుకోవాలని ఆశ. పెద్దవాళ్ళు పది మంది కూర్చున్న చోట అడిగాడు.

"వదినె, ఆడమనిషి ఒక్కతే ఎన్ని నాళ్ళు ఈ నీళ్ళు మోస్తాది? కొట్టు నాకిచ్చేయి. నీకు కూడు నేను పెడతా."

నాకు నోటి దురుసు. "విరుదునగర్‌లో పెద్ద తొట్టి ఒకటి ఒప్పుకోని ఉండాను. అది నిలవకపోతే బీగంచెవి నీ చేతిలో పెడతా," అనేశాను. బీగంచెవి అంటే కొట్టు తాళంచెవి. పది మంది విన్నారు. ఇక వెనక్కి తీసుకోలేను.

ఆ తొట్టి అడిగినవాడు జయరాం, బట్టల కొట్టు యజమాని. వాళ్ళూ ఇంట్లో మన మాట మాట్లాడేవాళ్ళే. కొట్టు నడిమధ్యలో మూత లేని తొట్టి కావాలన్నాడు. మేడ మీద చీరలు చూసేవాళ్ళు కిందికి చూస్తే చేపల వీపులు కనబడాలన్నాడు. అతని మనసు నాకు నచ్చింది. పలకలు మా ఆయన దగ్గర పని నేర్చినవాళ్ళ చేత కోయించాను. అతికించింది, నీళ్ళు నింపింది, చేపలు వదిలింది నేను.

శనివారం ఉదయం జయరాం ఫోను చేశాడు. "అక్కా, ఆరు పోయినాయి."

పోయి నీళ్ళు మార్చి కొత్తవి వేసి వచ్చాను. మరుసటి శనివారం తొమ్మిది. ఆ పై శనివారం కూడా అంతే. నాకు మా ఆయన దీపాలు గుర్తొచ్చాయి. శని మనిషితో పోలేదా, నా వెంట విరుదునగర్ కూడా వచ్చిందా అని భయపడ్డాను. భయపడ్డానని చెప్పడానికి నాకేం నామోషీ లేదు.

జయరాం తల్లి అలమేలవ్వ రోజూ గల్లాపెట్టె పక్కన కూర్చునేది. మూడో శనివారం నేను చచ్చిన చేపలు ఏరుతుంటే అందరికీ వినబడేట్టు అంది.

"తాలి తెగిన చెయ్యి నీళ్ళలో పెట్టినాక ఇంగేమి బతుకుతాది? మంగళంగా ఉండే చెయ్యి పెట్టాల."

చీరలు చూసేవాళ్ళు తలలు తిప్పి చూశారు. నేను చేపలు ఏరుతూనే ఉన్నాను. జయరాం నన్ను పక్కకు పిలిచాడు.

"అక్కా, అమ్మ మాట మనసులో పెట్టుకోవద్దు. తెరిచి ఉంటే కన్నుదిష్టి పడతాదంటారు. ఒకపాలి మూత ఏసి చూస్తామా?"

నా చేత్తోనే మూత వేశాను. మరుసటి శనివారం పద్నాలుగు చచ్చాయి.

ఆ సాయంత్రమే వెంకటసామి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"వదినె, ఆ బీగంచెవి ఏడ పెడతావు?"

"నడుముకు కట్టుకోని ఉండా. వచ్చి ఇప్పుకుంటావా?"

"ఛీ, ఏమి మాట వదినె అది!"

"అట్లయితే ఇంకొక్క శుక్రవారం ఆగు. నువ్వూ రా. సాక్షికి ఉంటావు."

శుక్రవారం అన్నానంటే ఒక లెక్క ఉంది. శనివారం ఉదయం చచ్చి తేలే చేప శుక్రవారమే జబ్బు పడి ఉండాలి. ఇంత చిన్న సంగతి నాకు తట్టడానికి ఇన్నేళ్ళు పట్టింది. అందరం చచ్చిన రోజునే చూశాం గాని, దాని ముందు రోజును ఎవరూ చూడలేదు.

ఆ శుక్రవారం

మధ్యాహ్నానికే పోయి మూత తీసి పక్కన పెట్టాను. ఒక ముక్కాలిపీట వేసుకుని తొట్టి పక్కన కూర్చున్నాను. వెంకటసామి చీరల బీరువాకు ఆనుకుని సెల్‌ఫోను చూసుకుంటున్నాడు. చేపలు బాగానే తిరుగుతున్నాయి. మేత వేస్తే వచ్చి తిన్నాయి. నీళ్ళు వాసన చూశాను, నాలిక మీద వేసుకున్నాను. ఏమీ లేదు.

పొద్దు వాలేవేళ అలమేలవ్వ సాంబ్రాణి గిన్నె పట్టుకుని వచ్చింది. ప్రతి శుక్రవారం ఆమె పని అది. కొబ్బరిచిప్పల బొగ్గులు ఎర్రగా కణకణలాడుతున్నాయి. పొగ బయటికి పోకుండా ముందు షట్టరు సగం దించారు. ఆమె గల్లాపెట్టెకు చూపించింది, దేవుడి పటానికి చూపించింది, బీరువా బీరువాకూ తిరిగింది. చివరికి కొట్టు నడిమధ్య గదా అని గిన్నె తెచ్చి తొట్టి బల్ల కింద పెట్టి పోయింది.

ఆ బల్ల కిందే గాలి పంపు ఉంది. నీళ్ళలోకి గాలి ఊదేది అదే.

నేను వంగి చూశాను. గిన్నెలోంచి లేచిన పొగ పైకి పోవడం లేదు. దారం మాదిరి వంగి పంపు వైపు పోతోంది. లేచి నీళ్ళలోకి చూశాను. అడుగునుంచి వచ్చే బుడగలు రోజూ అద్దం మాదిరి ఉంటాయి. ఇప్పుడు పాలు కలిపినట్టున్నాయి. ఒక్కొక్క బుడగ పైకొచ్చి పగిలిన చోట వెంట్రుకంత పొగ లేస్తోంది. నీళ్ళు పొగ కక్కుతున్నాయి.

మూత ఉంటే అది నాకు కనబడేదే కాదు. మూత కింద ఆ పొగంతా నిలబడి మళ్ళీ నీళ్ళలోకే దిగేది. పోయిన వారం పద్నాలుగు చచ్చింది అందుకే. మా కొట్టులో మా ఆయన ప్రతి శుక్రవారం సాంబ్రాణి వేసి, మూతలు వేసి, తాళం పెట్టి ఇంటికి వచ్చేవాడు. రాత్రంతా పంపులు ఆ పొగనే నీళ్ళలోకి ఊదేవి. పొద్దున చచ్చినవి చూసి శనీశ్వరుడికి దీపం పెట్టేవాడు. ఆయన పోయాక నేను సాంబ్రాణి వేయలేదు, మొగుడు పోయిన ఆడది వేయకూడదన్నారని. మూత తీసినందుకే చేపలు బతికాయని నేను గర్వపడ్డానే, అందులో సగం గొప్ప పొగ మానినందుకు కూడా చెల్లుతుంది. సగం నాది. అది మాత్రం వదులుకోను.

"అవ్వా! ఇట్ల వచ్చి చూడు!" అని కొట్టు అదిరేట్టు అరిచాను.

అలమేలవ్వ వచ్చింది, వెనక జయరాం, వెనక వెంకటసామి.

"ఏమ్మే, ఏమి పొయ్యింది ఇబ్బుడు?"

"పొయ్యేదేమీ లే. వచ్చేది చూడు. బుడగ పగిలే చోట చూడు."

ఆమె కళ్ళద్దాలు సర్దుకుని వంగింది. చాలాసేపు చూసింది.

"నా సాంబ్రాణి."

"నీ సాంబ్రాణే."

"దేవుడి పొగకి ఎవురన్నా సస్తారా?"

"నీ ముక్కు మూసి, ఆ పొగనే గొట్టంలో పెట్టి నీకు ఊదితే, నువ్వు ఎన్ని నాళ్ళు ఉంటావు అవ్వా?"

జయరాం నుదురు పట్టుకున్నాడు. అవ్వ నన్ను ఎగాదిగా చూసి అంది, "మీ తాత సుట్ట పొగ నలభై ఏండ్లు మింగినా. నేను సావలే, ఆయనే సచ్చినాడు."

మీ తాత అంటే ఆమె మొగుడు, ఆమెదీ తాళి తెగిన చెయ్యే. ముందు వెంకటసామి నవ్వాడు. తర్వాత అందరం నవ్వాం.

పంపు ఆపేశాను. సగం నీళ్ళు తోడించి, తెచ్చి పెట్టుకున్న మంచి నీళ్ళు పోయించాను. మరి సాంబ్రాణి? ఇక్కడ నేను చేసిన పని మీరు బాగా గుర్తు పెట్టుకోండి. సాంబ్రాణి మానేయమని నేను అనలేదు. అంటే నా మాట గెలిచేది, నా తొట్టి ఓడిపోయేది. ముసలమ్మ నలభై ఏళ్ళ శుక్రవారం ఆపి నిలిచే తొట్టి ఎక్కడుంది? పొడుగాటి గొట్టం తెప్పించాను. పంపును వెనక కిటికీ అవతల, వాన పడని చోట పెట్టించాను. గాలి బయటిది, చేపలు లోపల. అవ్వ తన ఇష్టం వచ్చినంత పొగ వేసుకోవచ్చు. మూత లేదు గనక నీళ్ళ మీద నిలిచే పొగ కూడా నిలవదు. మనిషి అలవాటును మార్చకండి, పంపును మార్చండి. నా పని మొత్తం ఇంతే.

తెల్లారి శనివారం జయరాం ఫోను కోసం నేను చూడలేదు, మొదటి బస్సుకే పోయాను. ఒక్కటీ చావలేదు. ఆ పై శనివారమూ చావలేదు. మూడో శనివారం వెంకటసామి మా గుమ్మంలోకి వచ్చాడు.

"వదినె, బీగంచెవి నీ కాడే ఉండనీ."

"ఉండనీ అంటే? నీది కాదుగా, నువ్వు ఉండనీయడానికి."

"సరే, సరే. నా సెల్‌ఫోను కొట్టు వేరే వీధిలో పెడతావుండా. దాంట్లో ఒక చిన్న తొట్టి కావాల. మూత లేకుండా."

పెట్టాను. సొంత మరిది గదా అని తక్కువ అడగలేదు.

అలమేలవ్వ

ఆ తర్వాత శుక్రవారం జయరాం ఇంకా కొన్ని చేపలు వేయమన్నాడు. సంచీలో తెచ్చాను. శుక్రవారం అని నాకు తెలుసు, కొట్టు నిండా జనం. అందుకని సంచీ జయరాం చేతికి ఇచ్చాను. మంగళమైన చేతులు ఆ ఇంట్లో చాలా ఉన్నాయి.

అలమేలవ్వ గల్లాపెట్టె దగ్గరనుంచి లేచి వచ్చింది. సంచీ కొడుకు చేతిలోంచి లాక్కుంది. నా కుడి చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుంది. ముసలామే గాని పట్టు గట్టిది. చీరలు చూస్తున్న ఆడవాళ్ళంతా చూస్తుండగా నా చేతిని మోచెయ్యి దాకా తొట్టిలో ముంచింది.

"ఈ చెయ్యే. ఈ చెయ్యి పెడితేనే నా కొట్లో బతుకుతాయి. నువ్వే ఇడువు," అంది.

విడిచాను. ఒక్కొక్కటి నా వేళ్ళ మధ్యనుంచి పోయింది. అవ్వ నా చెయ్యి వదల్లేదు, తన కొంగుతోనే తుడిచింది. మేడ మీదనుంచి ఎవరో ఆడపిల్ల, "అక్కా, మా ఇంటికీ ఒకటి పెడతారా?" అని కేకేసింది. ఆ సంవత్సరం విరుదునగర్‌లో నేను పెట్టిన తొట్లు నా చేతి వేళ్ళకూ కాలి వేళ్ళకూ కూడా మించిపోయాయి. ఒక్కదానికీ మూత లేదు. ప్రతి ఇంట్లోనూ మొదటి చేప నా చేత్తోనే వదలమన్నారు.

కొత్తగా వచ్చేవాళ్ళకు ఇంకేం చెప్పను? చేప చస్తే శని అనకండి, దిష్టి అనకండి, ఎవరి చెయ్యీ అనకండి. ముందు రోజు ఆ ఇంట్లో ఎవరేం చేశారో పోయి కూర్చుని చూడండి. మీ కాళ్ళు నొప్పి పుడతాయి. పుట్టనివ్వండి.

చాలు సుజాతా. కలం కింద పెట్టు. ఇప్పుడు మొదటినుంచి నాకు చదివి వినిపించు. ఆ తలుపు తెరిచి పెట్టు ముందు. అలమేలవ్వ నా చెయ్యి పట్టుకున్న చోట గట్టిగా చదువు, పక్కింటివాళ్ళకు వినబడాలి.